రివర్స్ గేరులో అక్క గొంతు

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, దాన్ని వాడేవాళ్ళు క్రమంగా కరువైపోయారు. అందరికీ అతను కుయ్‌కుయ్. బండికి దొంగల అలారం పెట్టించుకుందామని ఎవరైనా వచ్చి "ఎలా మోగుతుందయ్యా?" అని అడిగితే, సైరన్ పెట్టె విప్పే ఓపిక లేక నోటితోనే మోగించి చూపించేవాడు. కళ్ళు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా, మనస్ఫూర్తిగా మోగేవాడు. "ఆ డబ్బా ఎందుకు, నువ్వే వచ్చి మా బండిలో పడుకోరాదూ" అన్నవాళ్ళు కూడా ఉన్నారు.

మొదట్లో కాలింగ్ బెల్లులు బాగుచేసేవాడు. ఆ వృత్తిలో ఒక చిక్కుంది. బెల్లు పాడైందని కబురొస్తే వెళ్ళేవాడు, వెళ్ళి తలుపు ముందు నిలబడేవాడు. బెల్లు పాడైంది కాబట్టి అది మోగదు. తలుపు బాదడం మర్యాద కాదని అక్క నేర్పింది. అలా మర్యాదగా నిలబడి నిలబడి, ఇంటివాళ్ళు చెత్త పారెయ్యడానికి బయటికొచ్చినప్పుడు కంటపడేవాడు. అది లాభం లేదని బళ్ళలోకి మారాడు. బండి తలుపు బాదినా ఎవరూ ఏమీ అనుకోరు.

టైర్ల షాపుకీ, మూతపడ్డ ఫొటో స్టూడియోకీ మధ్య ఇరుక్కున్న ఒంటి షట్టర్ గది అతని షాపు. గోడ నిండా హారన్లు, రిమోట్లు, కెమెరాలు, రంగురంగుల వైరు చుట్టలు. పికప్ బండి వస్తే ముందు సగమే లోపల పట్టేది, వెనక సగం రోడ్డు మీద ఉండేది. కుయ్‌కుయ్ డ్రైవరు సీటు ముందు నడుం వాల్చి, తల డాష్‌బోర్డు కిందికి దూర్చి, కాళ్ళు తలుపులోంచి బయటికి వేలాడేసి పనిచేసేవాడు. ఊళ్ళో చాలామంది అతని ముఖం కంటే అరికాళ్ళే ఎక్కువసార్లు చూశారు. పెళ్ళి ఊసు ఎవరైనా ఎత్తితే ఆ అరికాళ్ళు కదిలేవి కావు, లోపల్నుంచి ఉన్నట్టుండి సైరన్ టెస్టింగ్ మొదలయ్యేది.

అతనికి ఉన్నదల్లా ఒక అక్క, ఒక బావ. చాలా ఏళ్ళుగా అతని అసలు ఉద్యోగం అలారాలు కాదు, ఆ ఇద్దరి మధ్య మాటలు మొయ్యడం.

అక్క నూలు మిల్లులో పనిచేసేది. యంత్రాల హోరు మీద మాట్లాడి మాట్లాడి ఆవిడ గొంతు ఆ ఎత్తులోనే స్థిరపడిపోయింది. ఇంట్లో ఉప్పు అందుకోమని అడిగినా, వీధి చివరివాళ్ళు కూడా తమ ఉప్పు డబ్బా వైపు చూసుకునేవాళ్ళు. బావ దానికి పూర్తిగా వ్యతిరేకం. తన పికప్‌లో అద్దాలు చేరవేసేవాడు, కిటికీ అద్దాలు, నిలువుటద్దాలు. అద్దాలతో బతికేవాడు కదా, గట్టిగా మాట్లాడితే ఏదైనా పగులుతుందేమోనన్నట్టు గొణిగేవాడు. ఎలక్ట్రానిక్స్ అంటే చిరాకు. ఇండికేటర్లు కూడా వాడేవాడు కాదు. ఎటు తిరగాలన్నా కిటికీలోంచి చెయ్యి చాపేవాడు. "కళ్ళున్నవాడికి కెమెరా ఎందుకురా?" అనేవాడు. కళ్ళున్న ఆ మనిషి బండి వెనక బంపరు మాత్రం నలిపి పారేసిన కాగితంలా ఉండేది.

ఆ ఇద్దరికీ మాటలు పోవడానికి కారణం ఒక వాషింగ్ మెషీన్. కొత్తది, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది, పెరట్లో దించారు. బావ బండి వెనక్కి తెస్తున్నాడు. అక్క వెనక నిలబడి "రానీ, రానీ, ఇంకా రానీ" అంటోంది. ఆ తర్వాత ఆవిడ "ఆగు" అన్నదా లేదా అన్నదే తగువు. అన్నానని ఆవిడ, అనలేదని ఆయన. మెషీన్ మాత్రం అట్టపెట్టెతో సహా పలక అయింది. "ఊరందరికీ వినిపించింది, మీకు తప్ప! ఇక ఈ జన్మలో మీకు ఆగమని చెప్పను, పొమ్మనీ చెప్పను," అంది అక్క. ఆ మాట మీదే నిలబడింది. బావ కూడా మూతి బిగించాడు. అప్పట్నుంచీ ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పొయ్యి మీది కూర తింటూ, మాటలు మాత్రం కుయ్‌కుయ్ షాపు మీదుగా పంపుకునేవాళ్ళు.

"మీ బావకి చెప్పు, నీళ్ళ ట్యాంకు నిండి పొర్లుతోందని."

"మీ అక్కకి చెప్పు, విన్నానని."

ఈ రాయబారంతో కుయ్‌కుయ్ తల ప్రాణం తోకకొచ్చింది. ఏ వైరు ఎక్కడ కలపాలో చూసుకుంటుంటే మధ్యలో ఇంటి ట్యాంకు గుర్తుంచుకోవాలి.

అలాంటి రోజుల్లో ఒకసారి గుడ్ల వ్యాపారి పికప్ తీసుకొచ్చాడు. గుడ్లు వేసుకుని వెనక్కి వెళ్ళి గోడని ముద్దాడటం ఆయనకి అలవాటు. రివర్స్ గేరు వెయ్యగానే కీకీమనే అలారం అప్పటికే ఉంది. దాన్ని ఆయన, జనం, కుక్కలు అందరూ లెక్కచెయ్యడం మానేశారు. "మాట్లాడేది పెట్టు," అన్నాడు. కుయ్‌కుయ్ దగ్గర మాట్లాడే అలారం ఉంది. పెట్టి చూస్తే ఒక అమ్మాయి ఏదో తెలియని భాషలో తియ్యగా రాగం తీసింది.

గుడ్లాయన చెవి పెట్టి విన్నాడు. "ఏమంటోంది?"

"జాగ్రత్త అంటోంది కాబోలు."

"నాకైతే ఎవర్నో పెళ్ళికి పిలుస్తున్నట్టుంది. ఇది విని పిల్లి కూడా లేవదు."

ఆ డబ్బాలో మన మాట రికార్డు చేసుకునే వీలుంది. ఒక మీట నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది, వెలిగినంతసేపూ చుట్టుపక్కల పలికిన మాటంతా పట్టుకుంటుంది. కుయ్‌కుయ్ గొంతు సవరించుకుని "దయచేసి గమనించండి" అని మొదలుపెట్టాడు. తిరిగి వేసి వింటే దయ తప్ప ఇంకేమీ లేదు. మళ్ళీ మీట నొక్కి, ఈసారి ఏమనాలా అని తల గోక్కుంటున్నాడు. అప్పుడే అక్క క్యారియర్ పట్టుకుని వచ్చింది. గుడ్లాయన ఆవిడకి దారి ఇద్దామన్న సదుద్దేశంతో బండి ఎక్కి, ముందుకి పోవలసింది వెనక్కి పోనిచ్చాడు. వెనక టైర్ల షాపువాడు కుర్చీ వేసుకుని ఎండలో కునుకుతున్నాడు.

"ఆగు! ఆగవయ్యా! వెనక మనుషులున్నారు కనపడట్లా? కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా!"

గుడ్లాయన రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాడు. టైర్లాయన కుర్చీలోంచి లేచి, ఏం తప్పు చేశాడో తెలియకపోయినా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క క్యారియర్ బల్ల మీద పెట్టి, "మీ బావకి చెప్పు, గ్యాసు అయిపోయిందని," అనేసి వెళ్ళిపోయింది.

ఎర్ర దీపం ఇంకా వెలుగుతోంది. కుయ్‌కుయ్ దాన్ని ఆపి, మీట నొక్కి వినిపించాడు. గుడ్లాయన ఇంజను ఆపి ఉన్న బండిలో కూర్చునే మళ్ళీ బ్రేకు తొక్కాడు.

"ఇదే," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "నాకిదే కావాలి."

అక్కని అడగాలన్న ఆలోచన కుయ్‌కుయ్‌కి రాకపోలేదు. వచ్చింది గానీ, అడిగితే ఏమంటుందోనన్న ఆలోచన దాని వెనకే వచ్చి ముందుదాన్ని గెంటేసింది. బిగించేశాడు. రివర్స్ లైటు వైరు పట్టుకుని అక్క గొంతుకి కలిపాడు. గేరు పడితే లైటు, లైటుతో పాటు అక్క.

ఆ తర్వాత ఆపడం అతని వల్ల కాలేదు. గుడ్ల బండి మార్కెట్లో వెనక్కొస్తుంటే జనం పక్కకి దూకడం చూసి దాణా బండివాడు వచ్చాడు. తర్వాత కంకర లారీ, ఐసు బండి, ఇంటి సామాన్లు చేరవేసే బండి. చివరికి నూలు మిల్లు సొంత వ్యాను కూడా వచ్చింది. అక్కని రోజూ "కాస్త నెమ్మదిగా మాట్లాడమ్మా" అనే సూపర్‌వైజరే స్వయంగా బిగింపించుకుని వెళ్ళాడు. ఇది ఎక్కడో విన్న గొంతులా ఉందే అనుకున్నాడు గానీ, తనని ఎవరెవరు తిట్టారో అన్నీ గుర్తుండవు కదా.

ఒక సాయంత్రం అక్క షాపు ముందు నిలబడింది. చేతిలో క్యారియర్ లేదు. కుయ్‌కుయ్ డాష్‌బోర్డు కిందే ఉండిపోదామనుకున్నాడు గానీ, ఆవిడ అరికాలి మీద గిల్లింది.

"మార్కెట్లో ఎవరో నన్ను కేకేశారురా. తిరిగి చూస్తే దాణా బండి."

"అక్కా, అదీ..."

"అందులోంచి నన్ను నేనే తిడుతున్నాను. ఏం చెప్పాలో తోచక పక్కకి తప్పుకున్నాను."

కుయ్‌కుయ్ బయటికొచ్చి బుర్ర వంచుకున్నాడు. ఏ క్షణాన పడుతుందా అని వీపు సిద్ధం చేసుకున్నాడు.

"ఆ రోజు నాకు జలుబురా," అంది అక్క. "మనుషులున్నారు అన్నది బనుషులున్నారు అని వినపడుతోంది. ఊరంతా నా జలుబు తిప్పుతావా? కొత్తగా చెప్తాను, పట్టు."

కుయ్‌కుయ్ పరుగున డబ్బా తెచ్చాడు. అక్క నీళ్ళు తాగి, కొంగు బిగించి, గోడ మీది హారన్ల వైపు తిరిగింది. "ఎవర్ని అనుకుని అనాలి?"

"ఎవర్నో ఒకర్ని అనుకో అక్కా."

ఆవిడ కాసేపు ఆలోచించింది. ఎవర్ని అనుకుందో అతను అడగలేదు. "ఆగు! ఆగమంటుంటే! వెనక మనుషులున్నారు. అద్దంలో నీ మొహం కాదు, వెనక్కి చూడు!" అంది. పక్క షాపులో దొర్లుతున్న టైరు ఒకటి, దొర్లించేవాడి చేతుల్లోంచి జారి రోడ్డు దాటిపోయింది.

అక్క తన గొంతు తను విని, తృప్తిగా తలాడించింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మీ బావ బండికి మాత్రం పెట్టావో, చూసుకో," అంది.

పాత బళ్ళన్నిట్లోనూ కుయ్‌కుయ్ ఈ కొత్త కేకే ఎక్కించాడు. బావకి ఈ సంగతేదీ తెలియదు. పగలంతా అద్దాల గోదాములో ఉంటాడు, మార్కెట్టు వైపు రావడం అరుదు. ఒకరోజు అక్కడ ఒక బట్టల కొట్టుకి నిలువుటద్దం దించుతున్నాడు. అద్దం రెండు చేతుల్లో ఉంది. వెనక నుంచి గుడ్ల బండి వచ్చింది.

"ఆగు! ఆగమంటుంటే!"

బావ ఆగాడు. అద్దం ఆగలేదు.

మర్నాడు చేతికి కట్టుతో షాపుకి వచ్చాడు. గోడ మీది హారన్లన్నీ కొనేవాడిలా ఒక్కొక్కటే పరీక్షించాడు.

"ఆ గుడ్లాయన బండిలో ఏదో అరుస్తోంది," అన్నాడు చివరికి.

"వాయిస్ అలారం బావా."

"ఎవరిదో గొంతు."

"అవును బావా. ఎవరిదో."

బావ ఒక హారన్ తీసి, మళ్ళీ వేరే మేకుకి తగిలించాడు. "ఆ ఒక్క బండికేనా?"

"ఊళ్ళో సగం బళ్ళకి."

"సగం బళ్ళకా!" బావ గొంతు లేవడం కుయ్‌కుయ్ అంతకుముందు ఎన్నడూ వినలేదు. "నాతో ఒక్క ముక్క మాట్లాడదు. కంకర లారీవాడితో మాట్లాడుతుందా? వాడికి పళ్ళు తోముకునే అలవాటు కూడా లేదు!"

"అది మాట్లాడటం కాదు బావా, ఉత్త రికార్డింగు."

"నాకు రికార్డింగు కూడా లేదుగా," అన్నాడు బావ.

అంత పెద్దమనిషి, నెరిసిన మీసంతో, తాయిలం అందని పిల్లాడిలా నిలబడ్డాడు.

"నా బండికీ పెట్టు."

"పెట్టొద్దంది బావా."

"ఆవిడకి ఎందుకు చెప్పాలి? ఇంటి దగ్గర రివర్స్ వెయ్యను. తిన్నగా పెడతాను, తిన్నగా తీస్తాను."

"నా వల్ల కాదు బావా. అడిగింది ఎవరు, ఆజ్ఞాపించింది ఎవరు అని చూసుకోవాలిగా."

బావ సరాసరి రోడ్డు దాటి ఎదురు షాపులోకి వెళ్ళాడు. ఆ షాపువాణ్ణి అందరూ డిస్కౌంట్ అంటారు. వాడు పనిలోనూ డిస్కౌంటే. నాలుగు చుట్లు తిప్పాల్సిన చోట రెండు తిప్పి, మిగతాది టేపుతో నమ్మించేవాడు. అక్క గొంతు వాడి దగ్గరా ఉంది. ఐసు బండివాడికి ఒక సిగరెట్ ఇచ్చి, వెనక్కి రమ్మని, ఫోను పట్టుకుని కాపీ చేసుకున్నాడు. బావ బండికి దాన్ని బిగించి, పనిలో పనిగా ఒక దొంగల అలారం కూడా అంటగట్టాడు.

తర్వాత వచ్చిన సెలవు రోజు మధ్యాహ్నం కుయ్‌కుయ్ చాప మీద వెల్లకిలా పడుకుని ఉండగా ఫోను మోగింది.

"ఒరేయ్," అంది అక్క. "నేను వరండాలో కూర్చునున్నాను. వీధిలో కూడా నేనే ఉన్నాను. తొందరగా రా."

వెళ్ళేసరికి ఇంటి ముందు వీధి వీధంతా చేరింది. బావ బండి నాలుగు మూలల దీపాలూ టపటపా ఆరి వెలుగుతున్నాయి. దీపం వెలిగినప్పుడల్లా లోపల్నుంచి "ఆగు!" అని అక్క. ఆరితే మౌనం. మళ్ళీ "ఆగు!" ఆ ఒక్క మాట దాటి ముందుకి పోవడం లేదు. ఏదో పిల్లి బానెట్ మీదికి దూకిందట, అలారం ఉలిక్కిపడిందట. పిల్లి ఎప్పుడో పారిపోయింది. సైరన్ నోటికి బావ అద్దాలు చుట్టే దుప్పటి కట్టేశాడు గానీ, గొంతు ఎక్కడుందో దొరకలేదు. చెయ్యి చాపి రిమోట్ నొక్కుతున్నాడు, పనిచెయ్యని టీవీ ముందు నొక్కినట్టు. అక్క వరండా మెట్ల మీద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

కుయ్‌కుయ్ తాళంతో తలుపు తీసి, ఎప్పట్లా కాళ్ళు బయటికి పెట్టి లోపలికి దూరాడు. చూడగానే అర్థమైంది. గొంతు డబ్బాని రివర్స్ లైటు వైరుకి కలపాల్సింది పోయి, డిస్కౌంట్ గాడు ఇండికేటర్ వైరుకి కలిపాడు. దొంగల అలారం మోగితే వెలిగేవీ ఆ దీపాలే. మామూలు మనిషైతే మొదటి మలుపులోనే బయటపడేది. బావ చెయ్యి చాపే మనిషి కదా!

అక్క మెట్లు దిగి బండికి ఈ వైపు వచ్చింది. బావ ఆ వైపు నిలబడ్డాడు. కుయ్‌కుయ్ మధ్యలో, నేలకి జానెడు ఎత్తున.

"ఒరేయ్, మీ బావని అడుగు, నా గొంతు ఆ బండిలోకి ఎలా వచ్చిందో."

"బావా, అక్క అడుగుతోంది..."

"మీ అక్కకి చెప్పు, ఊళ్ళో అందరి బళ్ళలోకీ ఎలా వెళ్ళిందో..."

"ఆగు!" అంది బండి.

"నన్ను చెప్పనీ!" అన్నాడు బావ, బండితో.

ముడి మీద ముడిగా టేపు. అది విప్పడానికి రెండు చేతులూ కావాలి, వెలుతురూ కావాలి. కుయ్‌కుయ్ టార్చి తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. దాంతో రాయబారం ఆగిపోయింది.

"ఒరేయ్, మీ అక్కకి చెప్పు, మార్కెట్లో ఆ గొంతు విని చేతిలో అద్దం వదిలేశానని."

"ఊఁ," అన్నాడు కుయ్‌కుయ్.

"అద్దమా?" అంది అక్క. "ఆ కట్టు అద్దం గుచ్చుకునా? తలుపు సందులో పడిందని నీ చేత చెప్పించారు కదరా! చెప్పవేంరా?"

"ఊఁ ఊఁ."

"మీ అక్కకి చెప్పు..."

"అక్కకి చెప్పడమేంటి? నేనిక్కడే ఉన్నాగా!"

బావ గతుక్కుమన్నాడు. వీధిలో జనం కూడా గతుక్కుమన్నారు. బండి ఒక్కతే "ఆగు!" అంది.

"ఏమండీ," అంది అక్క. గొంతు తగ్గించాలని ప్రయత్నించింది గానీ అది వీధి చివరికి వెళ్ళిపోయింది. "ఇంట్లో మనిషిని పెట్టుకుని ఆ పనికిమాలిన డబ్బా ఎందుకు?"

"నువ్వు చెప్పనన్నావుగా."

"మీరు వినలేదుగా."

"నువ్వు ఆగు అనలేదు."

"అన్నాను!"

"ఆగు!" అంది బండి.

"అదిగో! అచ్చం అలాగే అన్నాను!"

"అలా అనుంటే నాకు వినపడదా? నాకేమన్నా చెవుడా?"

"చెవుడే! మీ అమ్మ కూడా అనేది!"

కుయ్‌కుయ్ వైరు తుంచాడు. బండి నోరు మూసింది. బయట మాత్రం ఎవరూ గమనించలేదు. వాషింగ్ మెషీన్ దగ్గర మొదలైన తగువు ట్యాంకు మీదికి, అక్కణ్ణుంచి గ్యాసు మీదికి, ఎవరు ఎవరికి జ్వరమొస్తే పలకరించలేదన్న దాని మీదికి పోయింది. ఇన్నేళ్ళ బాకీ మాటలన్నీ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి తీర్చుకుంటున్నారు. మధ్యలో బావ ఏదో అన్నాడు, అక్క ఫక్కున నవ్వింది, నవ్వినందుకు మళ్ళీ ఆయన్నే తిట్టింది. జనం ఇక చూసేదేముందని ఇళ్ళకి పోయారు.

కుయ్‌కుయ్‌కి మెడ పట్టేసింది. టార్చి పళ్ళలోంచి తీసెయ్యొచ్చు. తీస్తే మళ్ళీ ఎవరైనా "చెప్పరా" అంటారేమోనని తియ్యలేదు. నోట్లోంచి చొంగ చెవి దాకా కారుతున్నా అలాగే పడుకున్నాడు. మనసులో మాత్రం హాయిగా ఉంది. అక్క తనని పెంచింది, బావ తనకి తొలి స్క్రూడ్రైవర్ కొనిచ్చాడు. ఆ ఇద్దరూ ఇలా అరుచుకుంటుంటే వినాలని తనకి ఇంత ఆశగా ఉండేదని అప్పటిదాకా తెలియనే తెలియదు.

కాసేపటికి చెప్పుల చప్పుడు ఇంట్లోకి వెళ్ళింది. తగువు వంటింట్లోకి మారింది. గిన్నెల మోత వినిపించింది.

బావ ఆ తర్వాత బండికి డబ్బా పెట్టించుకోలేదు. అక్కే వెనక నిలబడి "రానీ, రానీ" అనేది. అయినా ప్రహరీ గోడ ఒక మూల రాలింది, పూలకుండీలు రెండు పోయాయి. తప్పు ఎవరిదో అక్కడికక్కడే తేల్చుకునేవాళ్ళు, అంటే తేలేది కాదు. షాపుకి కబుర్లు రావడం మానేశాయి. కొన్నాళ్ళు కుయ్‌కుయ్‌కి తోచలేదు. చూసొద్దామని ఇంటికి వెళ్తే, ఇద్దరి మధ్యా తను ఒక్క ముక్క చొప్పించే సందు దొరకలేదు.

ఆ సెలవు రోజున మాత్రం, వాళ్ళు లోపలికి వెళ్ళాక, అతను నెమ్మదిగా వైరు కొసలకి టేపు చుట్టాడు. డిస్కౌంట్ వేసిన ముడులన్నీ విప్పి, సరిగ్గా కలిపి, డాష్‌బోర్డు కింది ప్లాస్టిక్ పలక బిగించాడు. బయటికొచ్చి చూసుకుంటే చేతిలో ఒక స్క్రూ మిగిలింది. ఎక్కడిదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. అటూ ఇటూ చూసి, బావ సీటు కింద పడేసి, మోచేతుల దాకా ఉన్న మసి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.